ఒక టన్ను డీజిల్ పికప్ ఎంచుకున్న తీరు: తలుపు మీది స్టిక్కరు నుంచి కాటా చీటీ దాకా

మా అవసరం ఏమిటో ముందు చెబుతాను. బండి ఎంపిక మొత్తం దాని మీదే నడిచింది. డాలస్‌కు ఉత్తరాన మెకిన్నీలో ఇళ్లు, అక్కడి నుంచి 121 రోడ్డు మీద నలభై మైళ్ల దూరంలో బోనమ్ చుట్టుపక్కల మూడు కుటుంబాలకు మూడు చోట్ల పొలాలు. ట్రాక్టరు మాత్రం ముగ్గురికీ కలిపి ఒకటే. గడ్డి కోతకు, గట్లు చదును చేయడానికి దాన్ని ఒక పొలం నుంచి ఇంకో పొలానికి ట్రైలరు మీద మోయాలి. రెండు మూడు వారాలకోసారి, కోతల కాలంలో వారానికి రెండుసార్లు. దీనికి పాత డీజిల్ పికప్ ఒకటి కొనాలి. బండి 2017 మోడలుకు ఇటువైపు ఉండాలి, లక్ష మైళ్లు దాటి ఉండకూడదు.

ఈ పని మీద దిగిన ప్రతివాళ్లూ ఫోర్డా, షెవ్రొలేనా, రామ్‌నా అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. నేనూ అక్కడే మొదలుపెట్టి వారం రోజులు పోగొట్టుకున్నాను. ఆ ప్రశ్న మూడోది. మొదటిది బరువు, రెండోది లైసెన్సు.

బరువు లెక్క

కాగితం మీద వేసుకున్న లెక్క ఇది. క్యాబ్ ఉన్న ట్రాక్టరు, దాని ముందు లోడరు, నీళ్లు నింపిన వెనక టైర్లు కలిపి 6,800 పౌండ్లు. గడ్డి కోసే ఆరడుగుల ష్రెడ్డరు 750. నేల చదును చేసే బాక్స్ బ్లేడు 600. గొలుసులు, వాటిని బిగించే బైండర్లు, డీజిల్ క్యాన్లు ఇంకో 150. ఇరవై అయిదు అడుగుల గూస్‌నెక్ ట్రైలరు, అంటే పికప్ వెనక బెడ్డు మధ్యలో తగిలించేది, ఖాళీగా 5,400. మొత్తం 13,700 పౌండ్లు, అంటే 6.2 టన్నులు. ట్రైలరు తయారీదారు ఇచ్చిన గరిష్ఠ బరువు 14,000. మూడు వందలు మిగిలాయి.

ఈ 13,700లో ఎంత బరువు పికప్ వీపు మీద పడుతుందన్నదే అసలు విషయం. ఎడ్లబండి తోలినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. బస్తాలు వెనక్కి సర్దితే కాడి పైకి లేచి ఎడ్ల మెడకు తాడు బిగుస్తుంది, ముందుకు సర్దితే మెడ వంగిపోతుంది. కాడి మీద సరైన బరువు పడేలా సర్దడమే బండి కట్టేవాడి పనితనం. గూస్‌నెక్ ట్రైలరులో ఆ కాడి బరువు మొత్తం బరువులో 20 నుంచి 25 శాతం ఉండాలి. బంపరు కింద తగిలించే ట్రైలరుకైతే 10 నుంచి 15 శాతం. అంతకంటే తగ్గితే హైవే మీద ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలయ్యాక బ్రేకు తొక్కితే ఇంకా పెరుగుతుంది. కాబట్టి మా కాడి బరువు 2,740 నుంచి 3,425 పౌండ్ల మధ్య ఎక్కడో ఉంటుంది.

ఇప్పుడు పికప్ వైపు. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద రెండు స్టిక్కర్లుంటాయి. ఒకదాని మీద మనుషులూ సామానూ కలిపి ఇంత బరువు దాటకూడదని పౌండ్లలో రాసి ఉంటుంది. అదే పేలోడ్. రెండోదాని మీద బండి మొత్తం గరిష్ఠ బరువు, అంటే జీవీడబ్ల్యూఆర్, ముందు ఇరుసు పరిమితి, వెనక ఇరుసు పరిమితి ఉంటాయి. పేలోడ్ అంకె ఆ ఒక్క బండికి సంబంధించింది. అదే మోడలు, అదే సంవత్సరం, పక్కపక్కనే ఉన్న రెండు బండ్లకు సన్‌రూఫ్, లెదరు సీట్లు, పెద్ద క్యాబ్ తేడాతోనే కొన్ని వందల పౌండ్లు మారతాయి. బ్రోషరులో కనిపించేది ఏ హంగూ లేని బండిది. అందుకే అమ్మేవాళ్లకు ఫోన్ చేసినప్పుడల్లా నేను మొదట అడిగింది ఆ స్టిక్కరు ఫోటో. ఆ ఫోటో పంపనివాళ్ల బండి చూడడానికి వెళ్లలేదు.

చూసిన వాటిలో కమ్మిన్స్ డీజిల్ ఇంజిన్ ఉన్న ఒక రామ్ 2500 స్టిక్కరు మీద 2,037 ఉంది. అందులో ఇద్దరు మనుషులకు 340, బెడ్డు కింద బిగించే గూస్‌నెక్ హిచ్‌కు 150, పనిముట్ల పెట్టెకు 200 తీసేస్తే మిగిలేది 1,347. మాకు కనీసం 2,740 కావాలి. సగానికి సగం తక్కువ. అదే బండి ప్రకటనలో లాగే సామర్థ్యం 20,000 పౌండ్ల దగ్గర అని రాసి ఉంది. ఆ అంకె అబద్ధం కాదు, ఇంజిన్ లాగుతుంది. వెనక స్ప్రింగులూ ఇరుసూ టైర్లూ మాత్రం ఆ బరువు కాడిని మోయలేవు. ముప్పావు టన్ను తరగతి డీజిల్ బండ్లతో వచ్చే ఇబ్బంది ఇదే. డీజిల్ ఇంజిన్ బరువు ఎక్కువ. జీవీడబ్ల్యూఆర్‌ను 10,000 దగ్గర ఆపేస్తే ఆ ఇంజిన్ బరువంతా పేలోడ్‌లోంచే కోసుకుంటుంది. గ్యాసోలిన్ ఇంజిన్‌తో అదే 2500కి ఆరేడు వందల పౌండ్లు ఎక్కువ పేలోడ్ రావడానికి కారణం అది.

అలా 2500, ఎఫ్-250 తరగతి మొత్తం మా జాబితాలోంచి వెళ్లిపోయింది. మిగిలింది ఒక టన్ను తరగతి: 3500, ఎఫ్-350. అర టన్ను, ముప్పావు, ఒక టన్ను అన్నవి పాత రోజుల పేర్లు, ఇప్పటి అసలు సామర్థ్యంతో వాటికి పొంతన లేదు. ఒకే కంపెనీ 2500కీ 3500కీ ఇంజిన్ చాలాసార్లు ఒకటే, తేడా వెనక స్ప్రింగుల్లో, రాసిచ్చిన పరిమితుల్లో ఉంటుంది. రామ్‌లో ఈ తేడా కంటికే కనిపిస్తుంది. 2014 నుంచి 2500 వెనక కాయిల్ స్ప్రింగులున్నాయి, 3500 వెనక కమాను పట్టీలు. కాయిల్ మీద ఖాళీ బండి మెత్తగా నడుస్తుంది, బరువెక్కితే తోక దిగుతుంది. చాలామంది ఎయిర్ బ్యాగులు బిగించి తోక లేపుతారు. బండి సమంగా కనిపిస్తుంది గానీ స్టిక్కరు మీది పరిమితి ఒక్క పౌండు కూడా పెరగదు.

లైసెన్సు గీత

ఒక టన్నులోనూ రెండు రకాలు. వెనక రెండు చక్రాలవి, నాలుగు చక్రాలవి. నాలుగు చక్రాల బండి, అందరూ డ్యూయలీ అనేది, జీవీడబ్ల్యూఆర్ సాధారణంగా 14,000. పేలోడ్ అయిదు వేలు దాటుతుంది, గాలికి కదలదు. బరువు ఒక్కటే చూస్తే మాకు అదే నిశ్చింత.

కానీ టెక్సస్‌లో పికప్, ట్రైలరు రెండింటి గరిష్ఠ బరువులు కలిపి 26,001 పౌండ్లు చేరి, అందులో ట్రైలరుది 10,000 దాటితే మామూలు క్లాస్ సి లైసెన్సు సాధారణంగా చాలదు. సొంత పనికైనా క్లాస్ ఎ కావాలి, రాత పరీక్షా డ్రైవింగ్ పరీక్షా ఉంటాయి. ఇక్కడ చూసేది స్టిక్కర్ల మీది అంకెలు, కాటా మీద తూగిన బరువు ఒక్కటే కాదు. డ్యూయలీ 14,000, ట్రైలరు 14,000 కలిపితే 28,000. మా మూడు కుటుంబాల్లో బండి నడిపేవాళ్లు నలుగురు. నలుగురూ పరీక్ష రాయాలి. రెండు చక్రాల 3500ల్లో జీవీడబ్ల్యూఆర్ 12,000 లోపు ఉన్నదైతే మొత్తం 26,000 దాటదు. కొన్ని కొత్త మోడళ్లలో రెండు చక్రాల బండి కూడా 12,000 దాటిపోతుంది కాబట్టి ఇక్కడా స్టిక్కరే చూడాలి. ఈ ఒక్క లెక్కతో వెతకాల్సింది తేలిపోయింది: వెనక రెండు చక్రాల ఒక టన్ను బండి, జీవీడబ్ల్యూఆర్ 12,000 లోపు, పేలోడ్ 3,600కి పైన.

డీజిలే ఎందుకు

పొలానికి ఏడాదిలో నాలుగుసార్లు వెళ్లి, మిగతా రోజుల్లో పిల్లల్ని బడిలో దింపి కూరగాయలు తెచ్చుకునేవాళ్లకు డీజిల్ వద్దని నేను గట్టిగా చెబుతాను. కొత్త బండిలో డీజిల్ ఇంజిన్‌కు గ్యాసోలిన్ దాని మీద సుమారు 10,000 డాలర్లు ఎక్కువ పడుతుంది. ఆయిల్ మార్పుకు పది నుంచి పదమూడు క్వార్టులు, ఇంధన ఫిల్టర్లు, పొగ శుద్ధికి పోసే డీఈఎఫ్ ద్రవం, రెండు బ్యాటరీలు అదనం. ఆ డబ్బు మైలేజీలో తిరిగి రావాలంటే బరువుతో చాలా మైళ్లు తిరగాలి. ఫోర్డ్ 7.3 లీటర్లు, షెవ్రొలే తయారుచేసే జీఎం 6.6 లీటర్ల గ్యాసోలిన్ ఇంజిన్లు ఏడెనిమిది వేల పౌండ్ల ట్రైలరును ఇబ్బంది లేకుండా లాగుతాయి.

డబ్బు కంటే ముఖ్యమైన కారణం పొగ గొట్టంలో ఉంది. డీజిల్ మసిని డీపీఎఫ్ అనే ఫిల్టరు పట్టుకుంటుంది. అది నిండాక కాల్చి బూడిద చేయాలి. హైవే మీద బరువు లాగుతుంటే పొగ వేడికే చాలావరకు కాలిపోతుంది. లేకపోతే కంప్యూటరు అదనపు ఇంధనం పంపి వేడి పెంచుతుంది. దీనికి పదిహేను నుంచి ఇరవై అయిదు నిమిషాలు ఆపకుండా నడవాలి. మూడు మైళ్లు నడిపి ఆపేసే బండిలో ఈ పని ప్రతిసారీ సగంలో ఆగిపోతుంది. కమ్మిన్స్, ఫోర్డ్ ఇంజిన్లు ఆ అదనపు ఇంధనాన్ని సిలిండరులోకే చిమ్ముతాయి. సగంలో ఆగిన ప్రతిసారీ కొంత డీజిల్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతూ ఉంటే అర్థం అదే. ఆయిల్ పలచబడి బేరింగులు అరుగుతాయి. జీఎం డీజిల్ ఇంజిన్ డ్యూరామ్యాక్స్‌లో మాత్రం పొగ గొట్టం వైపు విడిగా తొమ్మిదో ఇంజెక్టరు ఉంది. సిలిండరుకు ఆ బెడద లేదు, ఫిల్టరు నిండడం మాత్రం అక్కడా తప్పదు. మా నలభై మైళ్ల హైవే ప్రయాణం, దాదాపు 14,000 పౌండ్ల ట్రైలరు డీజిల్‌కు సరిగ్గా సరిపోయే పని.

మూడు ఇంజిన్లు

లాగే శక్తి గురించి రెండు వాక్యాలు చాలు. డ్యూరామ్యాక్స్ 2017 నుంచి 445 హార్స్‌పవర్, 910 పౌండ్-అడుగుల టార్క్, ఫోర్డ్ పవర్ స్ట్రోక్ 2020 నుంచి 475, 1,050, రామ్ 3500లో హై అవుట్‌పుట్ కమ్మిన్స్ 2021 నుంచి 420, 1,075. మొత్తం ఇరవై రెండు వేల పౌండ్ల మా బండికి ఇందులో ఏదైనా ఎక్కువే. అడగాల్సింది ఏది ఎక్కడ చెడుతుంది, చెడితే ఎంత పోతుంది అన్నది.

పెద్ద ఖర్చు ఇంధన పంపు దగ్గర మొదలవుతుంది. ఈ ఇంజిన్లలో ఇంజెక్టర్లకు వెళ్లే ఒత్తిడి చదరపు అంగుళానికి ముప్పై వేల పౌండ్ల స్థాయిలో ఉంటుంది. ఆ పంపుకు వేరే ఆయిల్ లేదు, డీజిలే దానికి నూనె. అమెరికా డీజిల్ ప్రమాణంలో జారుడు గుణం పరీక్షలో అరుగుదల గుర్తు 520 మైక్రాన్ల దాకా ఒప్పుకుంటారు. యూరప్‌లో 460 దగ్గరే ఆపుతారు. అంటే ఇక్కడి డీజిల్‌కు నూనె గుణం తక్కువ ఉండొచ్చు. బాష్ సీపీ4 పంపులో కామ్ మీద దొర్లే రోలరు ఉన్న టాపెట్, లోపలికి గాలో నీళ్లో చేరితే, తన గాడిలో పక్కకు తిరిగే వీలుంది. తిరిగితే రోలరు దొర్లడం మాని రాసుకుంటుంది. ఇనుప రజను పుట్టి ఇంజెక్టర్లకు ఇంధనం పంచే గొట్టాలకు, ఇంజెక్టర్లన్నిటికీ, తిరుగు గొట్టం ద్వారా ట్యాంకుకు చేరుతుంది. పంపు ఒక్కటి మార్చి లాభం లేదు, మొత్తం మార్చాలి. పది వేల డాలర్లు దాటే బిల్లు.

ఈ సీపీ4 జీఎం బండ్లలో 2011 నుంచి 2016 దాకా ఉంది. 2017లో వచ్చిన ఎల్5పీ ఇంజిన్‌లో డెన్సో హెచ్‌పీ4 పెట్టారు. నా వెతుకులాటను 2017 దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఇదే. రామ్‌లో 2019, 2020 మోడళ్లకు సీపీ4 వచ్చింది, 2021లో పాత సీపీ3కి వెనక్కి వెళ్లారు, ఆ రెండేళ్ల బండ్లను రీకాల్ చేశారు. 2019, 2020 రామ్ కొనేవాళ్లు ఆ రీకాల్ పని జరిగిందో లేదో బండి గుర్తింపు సంఖ్య అయిన వీఐఎన్ నంబరుతో ఫెడరల్ రోడ్డు భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో చూసుకోవాలి. ఫోర్డ్ 6.7లో సీపీ4 మొదటి నుంచీ ఉంది. నూటికి నూరు చెడిపోతాయని కాదు. లక్షల మైళ్లు తిరిగినవి ఉన్నాయి. ఫిల్టర్లు వేళకు మార్చి, నీళ్లు వేరుచేసే గిన్నెను నెలకోసారి వంపేస్తే బతుకుతుంది. పాత బండి కొనేవాడికి మాత్రం మొదటి యజమాని ఆ పని చేశాడని రుజువు కావాలి. బైపాస్ కిట్ బిగిస్తే పంపు చెడినా రజను ఇంజెక్టర్లకు వెళ్లకుండా ట్యాంకు వైపు ఫిల్టరుకు మళ్లుతుంది. ఫోర్డ్ కొంటే నేను మొదటి వారమే అది పెట్టించేవాణ్ని.

కమ్మిన్స్ ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న ఇంజిన్. చేయి పెట్టడానికి చోటుంటుంది, ఏ ఊళ్లోనైనా తెలిసిన మెకానిక్ దొరుకుతాడు. దాని బలహీనత చిన్నది, పర్యవసానం పెద్దది. చలిలో స్టార్టు కావడానికి సిలిండరును వేడి చేసే గ్లో ప్లగ్గులకు బదులు లోపలికి వచ్చే గాలిని వేడి చేసే గ్రిడ్ హీటరు ఉంటుంది. కరెంటు మోసే బోల్టు, నట్టు ఏళ్ల తరబడి వేడికి వదులై, కాలి, తెగి లోపలికి పడతాయి. ఎక్కువగా ఆరో సిలిండరులోకి. పిస్టన్ పగులుతుంది. ఇంటేక్ కొమ్ము విప్పి ఆ బోల్టు కదులుతుందేమో చూడడం గంట పని. 2025 మోడల్లో హీటరు తీసేసి గ్లో ప్లగ్గులు పెట్టారు, ఎనిమిది గేర్ల జెడ్‌ఎఫ్ ట్రాన్స్‌మిషన్ ఇచ్చారు. అంతకు ముందు మామూలు కమ్మిన్స్‌కు వచ్చిన ఆరు గేర్ల 68ఆర్‌ఎఫ్‌ఈ ఇంజిన్ అంత గట్టిది కాదు. రామ్ 3500 కొనేవాళ్లు హై అవుట్‌పుట్ ఇంజిన్‌తో జతగా వచ్చిన ఐసిన్ ట్రాన్స్‌మిషన్ కోసం వెతకడం మంచిది. నేను వెతికిన ధరలో, మా 12,000 గీత లోపల అలాంటిది దొరకలేదు.

ఫోర్డ్‌లో బాడీ 2017 నుంచి అల్యూమినియం, తుప్పు బెంగ తక్కువ. పది గేర్ల ట్రాన్స్‌మిషన్ 2020లో వచ్చింది. పొగ బయటికి వచ్చే వైపు ఇంజిన్ మధ్య లోయలో ఉంటుంది, టర్బో కూడా అక్కడే. చాలా పెద్ద పనులకు క్యాబ్ మొత్తాన్ని పైకి లేపుతారు. లేబరు గంటలు దానికి తగ్గట్టే పడతాయి.

జీఎం బండ్లలో 2017 నుంచి 2019 దాకా ఎల్5పీ ఇంజిన్‌కు ఆరు గేర్ల అలిసన్ 1000 జత. 2020లో పది గేర్లది వచ్చింది. 2020 నుంచి 2022 దాకా వచ్చిన డీజిల్ బండ్లను 2024లో రీకాల్ చేశారు. ట్రాన్స్‌మిషన్‌లోని కంట్రోల్ వాల్వు అరిగితే వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకునే ప్రమాదం ఉందన్నది కారణం. ఆ సంవత్సరాలవి కొంటే రీకాల్ పని అయిందో లేదో చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. జీఎంలో ముందు చక్రాలు విడివిడి సస్పెన్షన్ మీద ఉంటాయి, గతుకుల్లో మెత్తన. రామ్, ఫోర్డ్ ఫోర్ బై ఫోర్ బండ్లలో ముందు గట్టి ఇరుసు. దాన్ని చూసేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచి, మనిషిని కూర్చోబెట్టి, బండి కదలకుండా స్టీరింగ్ అటూ ఇటూ తిప్పమని కింద పడుకుని ట్రాక్ బార్, బాల్ జాయింట్లు చూడాలి. వాటిలో కాస్త వదులు ఉన్నా అరవై మైళ్ల వేగంలో గతుకు మీద ముందు చక్రాలు వణికిపోతాయి.

ఇవన్నీ కూర్చి మా పనికి 2017-2019 మధ్య జీఎం ఒక టన్ను బండి అని తేల్చుకున్నాను. నమ్మదగ్గ పంపు, వయసు మీద నిలిచిన ట్రాన్స్‌మిషన్, 11,500 జీవీడబ్ల్యూఆర్. ఖాళీగా రోజూ తిరిగేవాళ్లకు, మంచులో తిరిగేవాళ్లకు ఈ తూకం వేరేగా రావచ్చు.

పాత బండిని చూడడం

అమ్మేవాళ్లకు ముందే చెప్పాలి: మేము వచ్చేదాకా స్టార్టు చేయొద్దని. వెళ్లగానే బానెట్ మీద చేయి పెడితే తెలుస్తుంది. వేడెక్కిన డీజిల్ ఎలాంటిదైనా బాగానే స్టార్టవుతుంది. చల్లగా ఉన్నప్పుడు తెల్ల పొగ, తడబాటు, తేడా శబ్దం బయటపడతాయి.

మైళ్ల కంటే గంటలు ముఖ్యం. డాష్ బోర్డులో ఇంజిన్ మొత్తం గంటలు, ఊరికే నిలబడి తిరిగిన గంటలు చూడొచ్చు. ఒక బండి 84,000 మైళ్లు, 4,100 గంటలు. భాగిస్తే గంటకు 20 మైళ్లు. అంటే రోజంతా ఎక్కడో ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబెట్టిన బండి. దాని డీపీఎఫ్, ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చే ఈజీఆర్ కూలరు మసితో ఎంత నిండి ఉంటాయో ఊహించొచ్చు. మేము కొన్నది 78,000 మైళ్లు, 2,150 గంటలు, సగటు 36.

పొగ గొట్టం చివర లోపల వేలు పెట్టి రుద్దాలి. డీపీఎఫ్ బాగుంటే వేలికి దాదాపు ఏమీ అంటదు. నల్లటి మసి అంటిందంటే ఫిల్టరు పగిలి అయినా ఉండాలి, పీకేసి అయినా ఉండాలి. ఇలా పీకేసిన బండ్లు మార్కెట్లో తక్కువ ధరకు దొరుకుతాయి. టెక్సస్‌లో డీజిల్ బండ్లకు పొగ పరీక్ష లేదు కదా అని అమ్మేవాళ్లు ధైర్యం చెబుతారు. ఫెడరల్ చట్టానికి అది విరుద్ధమే, పైగా తిరిగి అమ్మేటప్పుడు చాలామంది డీలర్లు తీసుకోరు, మళ్లీ అన్నీ పెట్టించాలంటే వేల డాలర్లు. ఒక బండిని ఈ ఒక్క వేలి పరీక్షతోనే వదిలేసి వచ్చాను.

బండి కంప్యూటరులోని అంకెలు చదివే ఓబీడీ రీడరు, వంద డాలర్ల లోపుది, తీసుకెళ్లాను. చూడాల్సినవి నాలుగు: డీపీఎఫ్‌లో ప్రస్తుతం ఉన్న మసి, చివరిసారి కాల్చాక తిరిగిన మైళ్లు, ఒక్కో ఇంజెక్టరు బ్యాలెన్స్ రేటు (ఇంధనం హెచ్చుతగ్గుల సర్దుబాటు), తుడిచినా పోని పర్మనెంట్ లోపాల కోడ్‌లు. ముందురోజు కోడ్‌లు తుడిచేసి ఉంటే బండి తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు పూర్తికాలేదని చూపిస్తాయి. అప్పుడు వారం నడిపాక మళ్లీ వస్తామని చెప్పడమే మార్గం. ఆయిల్ పోసే మూత తిప్పి, బోర్లా దాని మీదే ఆనించి ఇంజిన్ తిప్పితే మూత కొద్దిగా అల్లాడడం మామూలు. ఎగిరిపడితే పిస్టన్ రింగులు అరిగినట్టు.

తర్వాత బయటి డీజిల్ షాపులో రెండు గంటలు లిఫ్టు మీద చూపించాం. తేలినవి: టైర్ల మీది తేదీ అంకె 2318, అంటే 2018లో ఇరవై మూడో వారం. గాడులు బాగున్నా వయసు దాటాయి. బ్యాటరీల్లో ఒకటి బలహీనం. ఒకటి మారిస్తే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది కాబట్టి రెండూ ఒకేసారి మార్చాలి. ఈ రెండింటి ఖర్చు ధరలోంచి తగ్గించుకున్నాం.

కొన్న వారంలో చేసిన పనులు: పది క్వార్టుల 15డబ్ల్యూ-40 సీకే-4 ఆయిల్, ఛాసిస్ పట్టీ మీది ఇంధన ఫిల్టరు, అలిసన్ బయటి ఫిల్టరు. ఈ చివరిది మార్చేటప్పుడు పాత ఫిల్టరు మీద ఉండే గుండ్రటి అయస్కాంతాన్ని తీసి, తుడిచి, కొత్తదానికి పెట్టాలి. చాలామంది పాతదాంతో పాటే చెత్తలో వేసేస్తారు. ఇంకో జాగ్రత్త: పొలంలో ట్రాక్టరుకు వాడే ఎర్రరంగు డీజిల్‌ను పికప్‌లో పోయకూడదు. దాని మీద రోడ్డు పన్ను లేదు, ట్యాంకులో దొరికితే ఫెడరల్ జరిమానా గాలనుకు పది డాలర్లు లేదా వెయ్యి డాలర్లు, ఏది ఎక్కువైతే అది. నీలం మూత డీఈఎఫ్‌ది. అందులో డీజిల్ పడినా, డీజిల్ ట్యాంకులో డీఈఎఫ్ పడినా ఇంజిన్ స్టార్టు చేయకుండా ట్రక్కు మీద ఎక్కించి షాపుకు పంపాలి.

కాటా

స్టిక్కరు మీద పేలోడ్ 3,760. అందులోంచి మనుషులు, హిచ్, పెట్టె కలిపి 690 తీసేస్తే కాడికి మిగిలింది 3,070. అంటే 13,700లో 22 శాతం చిల్లర. కాగితం మీద సరిపోయింది, ఇక తూచి చూడాలి. హైవే ట్రక్ స్టాపుల్లో క్యాట్ కాటాలుంటాయి, మూడు పలకలు. ముందు చక్రాలు ఒకదాని మీద, వెనకవి రెండోదాని మీద, ట్రైలరువి మూడోదాని మీద ఆపితే మూడు బరువులు విడిగా వస్తాయి. మొదట పికప్ ఒక్కటే, ట్యాంకు నిండుగా, ఇద్దరు మనుషులతో: ముందు 4,780, వెనక 3,640, మొత్తం 8,420. కాగితం లెక్కకు పది పౌండ్ల తేడా.

తర్వాత ట్రైలరు, దాని మీద ట్రాక్టరుతో: ముందు 4,900, వెనక 6,940, ట్రైలరు ఇరుసులు 10,280, మొత్తం 22,120. పికప్ రెండు ఇరుసులు కలిపితే 11,840. పరిమితి 11,500. వెనక ఇరుసు 7,050 పరిమితి లోపలే ఉంది కానీ బండి మొత్తం 340 ఎక్కువ. ట్రాక్టరును బాగా ముందుకు ఎక్కించడం వల్ల కాడి మీద 3,420 పడింది, దాదాపు 25 శాతం.

గొలుసులు విప్పి, ష్రెడ్డరుతో సహా ట్రాక్టరును అడుగున్నర వెనక్కి జరిపాం. కాడి నుంచి ట్రైలరు ఇరుసుల మధ్యకు ఇరవై అడుగులు. 7,550 పౌండ్లు అడుగున్నర జరిగితే కాడి మీద తగ్గేది 7,550 ఇంటూ ఒకటిన్నర బై ఇరవై, అంటే 566. మళ్లీ తూచితే ముందు 4,880, వెనక 6,400, ట్రైలరు 10,840. పికప్ మొత్తం 11,280, పరిమితికి 220 లోపల. కాడి 2,860, అంటే 20.9 శాతం. ట్రాక్టరు ముందు చక్రం ఎక్కడ ఆగిందో ట్రైలరు చెక్క మీద తెల్ల పెయింటుతో గీత గీశాం. ఎవరు ఎక్కించినా ఆ గీత దగ్గరే ఆపాలి. నాలుగు మూలలా 3/8 అంగుళం గ్రేడ్ 70 గొలుసులు, ఒక్కోటి 6,600 పౌండ్లకు సరిపడేవి, లోడరుకూ ష్రెడ్డరుకూ విడిగా ఇంకొకటి చొప్పున.

ట్రైలరు బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలరు సరిచేసింది కూడా ఆ రోజే, బరువు మీదే. ఖాళీ స్థలంలో ఇరవై మైళ్ల వేగంతో వెళ్తూ పికప్ బ్రేకు తొక్కకుండా చేతి లివరు మాత్రమే నొక్కాలి. ట్రైలరు చక్రాలు బిగుసుకునే దాకా గెయిన్, అంటే బ్రేకు బలం అంకె, పెంచి, అక్కడి నుంచి అర అంకె తగ్గించాలి. ఖాళీ ట్రైలరుకు ఈ అంకె చాలా తక్కువ. మార్చకుండా వదిలేస్తే ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ట్రైలరు టైర్లు రోడ్డు మీద రాసుకుని చదునవుతాయి. మా రెండు అంకెలూ, వెనక టైర్లకూ ట్రైలరు టైర్లకూ 80 పీఎస్ఐ గాలి అని, కాటా చీటీతో కలిపి సన్ వైజరుకు అంటించి ఉన్నాయి.